ఎంగిలి పోగు

నగరిలో పొద్దు లేచింది మొదలు కరెంటు మగ్గాల మోతే. ఆ మోతలో పక్కనున్న మనిషికి ఏదైనా చెప్పాలంటే గొంతు చించుకోవాల్సిందే. అందుకే నగరివాళ్లు పెళ్లిచూపులకు పోయినా పోట్లాటకు వచ్చినట్టే మాట్లాడతారని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎగతాళి చేస్తారు. అంత మోతలోనూ ఒక ఇంట్లో మాత్రం గుంటమగ్గం తన పాటికి తాను టకటకమంటూ ఉంటుంది. ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే మనిషి చౌడేశ్వరమ్మ.

ఆమెకు యాభై మూడేళ్లు. తండ్రి రామలింగయ్య పక్కన కూర్చుని, పడుగులోంచి అటూ ఇటూ పోగును మోసుకుపోయే నాడె విసరడం నేర్చుకునేటప్పటికి పదమూడు. ఊరంతా కరెంటు మగ్గాలకు మారిపోయిన రోజుల్లో ఆమెనూ మారమని చెప్పని మనిషి లేడు. అందరికంటే గట్టిగా చెప్పింది సొంత తమ్ముడు మురుగేష్. చెప్పడా మరి? అతను కరెంటు మగ్గాలు బాగుచేసే ఫిట్టరు.

"నువ్వు దినమంతా నేసేది మా మగ్గం ఒక టీ తాగేలోపల నేసిపారేస్తాది అక్కా," అనేవాడు.

"మీ మగ్గం నేసి పారేస్తాది. నేను పారేసేదానికి నెయ్యను," అనేది ఆమె. అక్కడితో ఆ మాట ఆగిపోయేది, మళ్లీ వారం దాకా.

తల్లి పోయినప్పుడు మురుగేష్‌కు మూడేళ్లు, ఆమెకు పన్నెండు. తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. ఒకే మామిడికాయ దొరికితే పావడ అంచు దానిమీద కప్పి, పంటితో కొరికి, సగం వాడి నోట్లో పెట్టేది. గుడ్డ అడ్డం పెట్టి కొరికితే అది ఎంగిలి కాదు, కాకెంగిలి. కాకెంగిలికి దోషం లేదన్నది పిల్లలందరికీ తెలిసిన శాస్త్రం. గుడ్డ దొరకని రోజు ఉత్త ఎంగిలే పెట్టేది, వాడు అదీ తినేవాడు.

అలాంటి మురుగేష్‌కు నలభై నిండగానే రెండు కిడ్నీలూ పని మానేశాయి. తన కిడ్నీ ఇస్తానని చౌడేశ్వరమ్మ ముందుకొచ్చింది. ఆమెకు చక్కెర జబ్బు ఉందని డాక్టర్లు వద్దన్నారు. ఎవరిదైనా కిడ్నీ దొరికితే పెట్టడానికి మురుగేష్ పేరు జాబితాలో రాసుకున్నారు. అది దొరికేదాకా వారానికి మూడుసార్లు ఏకాంబరకుప్పం స్టేషన్లో రైలెక్కి తిరుపతికి పోవడం, చేతికి రెండు లావుపాటి సూదులు గుచ్చించుకోవడం, నాలుగు గంటలు మిషను పక్కన పడుకుని నెత్తురు శుభ్రం చేయించుకోవడం. మూడేళ్లు అలా గుచ్చగా గుచ్చగా చేతుల్లోని రక్తనాళాలు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. చివరికి మెడలో గొట్టం పెట్టారు. మెడలో గొట్టం ఎక్కువ నాళ్లు ఉంచకూడదు. దాని గుండా క్రిములు నేరుగా నెత్తురులోకి పోతాయి. "చేతిలో ఒక్క మంచి నాళం దొరికితే చాలు, కిడ్నీ దొరికేదాకా నెట్టుకురావచ్చు," అన్నారు డాక్టర్లు. ఆ ఒక్క నాళం ఎక్కడినుంచి తేవాలో వాళ్లకూ తెలియదు.

ఆ డయాలిసిస్ వార్డులోకే ఒకరోజు శ్రీహిత వచ్చింది. తిరుపతి అమ్మాయి. ఇంట్లో తాతముత్తాతల నుంచి గుడి కైంకర్యమే. ఈ పిల్ల మాత్రం ఏర్పేడు దాటినాక ఉన్న ఒక ప్రయోగశాలలో మనిషికి విడిభాగాలు పెంచే పనిలో పడింది. వింటే నమ్మబుద్ధి కాదు గాని, ఆ పని ఇలా ఉంటుంది. రోగి ఒంటినుంచి చింతగింజంత చర్మం తీసుకుని గాజుపళ్లేల్లో పోషిస్తారు. కొన్ని వారాలకు పాలమీద మీగడ కట్టినట్టు పలుచని పొర కడుతుంది. ఆ పొరను ఒలిచి, సన్నగా చీల్చి, మెలిపెడితే దారమవుతుంది. ఆ దారంతో చేసిన నాళం సొంత ఒంటిదే కాబట్టి ఒళ్లు దాన్ని పరాయిదని తోసెయ్యదు. ముందు ముందు ఈ దారినే ఇంకా పెద్ద అవయవాలు పెంచాలని వాళ్ల ఆశ. ప్రస్తుతానికి రక్తనాళం దగ్గరున్నారు. గొర్రెలకు పెట్టి చూశారు. ఆరుగురు మనుషులకు పెట్టి చూడటానికి అనుమతి కూడా వచ్చింది. అన్నీ కుదిరాయి గాని కుట్టు దగ్గర కుదరలేదు. పట్టీలా అల్లి, గుండ్రంగా చుట్టి కుడితే, ఆ కుట్టు దగ్గర నెత్తురు కారుతోంది.

శ్రీహిత ఈ సంగతి డాక్టరుకు చెబుతుంటే పక్క మంచం మీదున్న మురుగేష్ విన్నాడు. వింటూ ఊరుకునే రకమా!

"కుట్టెందుకు మేడమ్? మా అక్క కుట్టు లేకుండా సంచి నేస్తాది," అన్నాడు.

జీవితమంతా చేతిమగ్గాన్ని ఎగతాళి చేసినవాడి నోట ఆ మాట వచ్చింది. ఆ వారంలోనే శ్రీహిత నగరికి వచ్చింది. చౌడేశ్వరమ్మ తన తండ్రి వక్కాకు సంచి తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆ పిల్ల దాన్ని మూడుసార్లు లోపలిది బయటికి తిరగేసి చూసింది.

"కుట్టు యాడుందని ఎతుకుతావమ్మణ్ణీ? ఉంటే కదా. మా నాయన నేసినాడు. పడుగు రెండు పొరలుగా ఎక్కిస్తాము. నాడె పైపొరలో పొయ్యి కిందిపొరలో తిరిగొస్తాది. అంచులు రెండూ వాటంతటవే మూసుకుంటాయి. మగ్గం మీద చదునుగా కనపడతాది, దించి ఊదితే గొట్టమే."

శ్రీహిత సంచిని పెదవులకు దగ్గరగా పెట్టుకుని నిజంగానే ఊదింది. "మా దారంతో ఇట్లాగే నేస్తారా అమ్మా?" అని అడిగింది.

ఆ నాళం నేసే మగ్గం చేసింది మురుగేష్. హార్మోనియం పెట్టెంత మగ్గం, మొత్తం స్టీలు. ఎంత వేడి ఆవిరిలో పెట్టినా పాడవకూడదు. మెడలో గొట్టంతోనే కూర్చుని, డయాలిసిస్ లేని రోజుల్లో ఒక్కో ముక్కా ఆకురాయితో రాకి బిగించాడు. "చేతిమగ్గం చేసినానని మా షెడ్డులో తెలిస్తే నా పరువు పోతాది," అని నవ్వాడు. చౌడేశ్వరమ్మ దానిమీద పట్టుదారంతో ఐదు నెలలు సాధన చేసింది. పెన్సిలు లావు గొట్టం, జానెడు పొడవు, ఎక్కడా నీటిచుక్క కారకూడదు. పదిహేడు గొట్టాలు కారాయి. పద్దెనిమిదోది కారలేదు.

ఇక అసలు దారం. ఆరుగురిలో మొదటి పేరు మురుగేష్‌దే, అతని నాళాలే అందరికంటే ముందు అయిపోయాయి గనక. తొడ మీది చర్మంతో మూడు నెలలు పెంచితే సరిగ్గా ఒక్క గొట్టానికి చాలేంత దారం వచ్చింది. తడి ఆరితే తెగిపోతుంది. తర్వాత వేడిచేసి శుభ్రం చేద్దామంటే పాడైపోతుంది. నేసేటప్పుడే ఏ క్రిమీ తగలకూడదు. ఈ సంగతి చౌడేశ్వరమ్మకు ఎలా చెప్పాలో శ్రీహితకు మొదట అర్థం కాలేదు. పుస్తకాల్లో ఉన్న మాటలన్నీ చెప్పి చూసింది. ఆఖరికి ఇంటి మాటలోకి దిగింది.

"మా అవ్వ వంటింట్లో మడి కట్టుకుంటుందమ్మా. మీరు నేసే ఈ ప్రయోగశాల గది కూడా అంత మడి అనుకోండి. ఊపిరి తగలకూడదు, ఒట్టి చెయ్యి తగలకూడదు."

"మీ అవ్వ మడికి నేను తగిలినా తప్పే కదమ్మణ్ణీ," అంది చౌడేశ్వరమ్మ. నవ్వుతూనే అంది.

శ్రీహిత ముఖం ఎర్రబడింది. "ఈ మడి అట్లాంటిది కాదమ్మా. దీనికి కులం తెలీదు. మా అవ్వ వచ్చినా చేతులు కడుక్కోవాల్సిందే."

"అట్లయితే ఈ మడి బాగుండాది," అని చౌడేశ్వరమ్మ మోచేతుల దాకా సబ్బు రాసుకుంది.

నేత రోజున ఆమెకు గౌను, టోపీ, మాస్కు, రబ్బరు చేతితొడుగులు వేశారు. గాజు అద్దం అవతల శ్రీహిత కూర్చుని కొలతలు రాసుకుంటోంది. తెల్లగా, కొంచెం పసుపు కలిసినట్టున్న దారం. ఇది మా వాడి ఒళ్లు, అనుకుంది చౌడేశ్వరమ్మ. నాడె పైకి పోయింది, కిందికి తిరిగొచ్చింది. రెండు గంటల్లో ఆరు అంగుళాలు దిగింది.

ఆ తర్వాత ఒక పోగు తెగింది.

పోగు తెగితే ఏం చేయాలో నేతగాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ముడి వేస్తే లావవుతుంది. అందుకని వేలిని నాలుకకు తగిలించి, ఆ తడితో రెండు కొసలూ కలిపి మెలిపెడతారు. పోగు అతుక్కుపోతుంది, అతికిన చోటు అద్దం పెట్టి వెతికినా కనిపించదు. రామలింగయ్య అలాగే చేశాడు, ఆయన తండ్రీ అలాగే చేశాడు. చౌడేశ్వరమ్మ నలభై ఏళ్లలో ఎన్ని వేలసార్లు చేసిందో. పక్కనే గిన్నెలో మందునీళ్లు, చుక్కలు వేసే గొట్టం పెట్టే ఉన్నాయి. తెగితే ఆ నీళ్లతో అతకాలని పదిసార్లు చెప్పారు. ఆమెకూ గుర్తుంది. గుర్తు లేనిది వేలికే.

పోగు అతికింది. మరో నాలుగు వరసలు నేసింది. అప్పుడు నాలుక మీద రబ్బరు రుచి తగిలింది.

చేయి ఆగిపోయింది. మాస్కు కిందినుంచి చూపుడువేలు ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో ఆమెకు తెలియలేదు. తొడుగు కొస తడిగా మెరుస్తోంది. అద్దం అవతల శ్రీహిత తల వంచుకుని రాసుకుంటోంది. చూసినవాళ్లు లేరు.

ఇలాంటి చోట మనిషి ఏం చేస్తాడో పైనుంచి చెప్పడం తేలిక. ఆ గదిలో ఆమె ఒక్కతే ఉంది. మూడు నెలల దారం ముందుంది. అది పారేస్తే మళ్లీ మూడు నెలలు మురుగేష్ మెడలో ఆ గొట్టంతోనే ఉండాలి. ఉంటాడో లేదో ఎవరు చెప్పగలరు? ఒక్క చుక్క తడి. బహుశా ఏమీ కాకపోవచ్చు. నోరు మూసుకుంటే సాయంత్రానికి గొట్టం దిగిపోతుంది. ఆమె ఇవన్నీ అనుకుంది. అనుకోలేదని తర్వాత ఎప్పుడూ బుకాయించలేదు. నాడె చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. తర్వాత దాన్ని కింద పెట్టి అద్దం మీద తట్టింది.

"అమ్మణ్ణీ, ఎంగిలైపొయ్యింది."

శ్రీహితకు ముందు అర్థం కాలేదు. ఆమె వేలు చూపించి, నోరు చూపించింది. ఆ పిల్ల లేచి బయటికి వెళ్లిపోయింది. తలుపు గట్టిగానే పడింది. పావుగంట తర్వాత తిరిగొచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు," అంది. "పరీక్షలో కూడా ఒక్కోసారి దొరకదు. దొరక్కుండా ఆయన నెత్తురులోకి పోయి ఉంటే..." ఆ మాట పూర్తి చేయకుండానే కత్తెర తెచ్చి పడుగు కత్తిరించింది. చౌడేశ్వరమ్మ చూస్తూ నిలబడింది. కొడుకు పుట్టు వెంట్రుకలు తీస్తున్నప్పుడు కూడా ఆమె అంత కళ్లప్పగించి చూడలేదు.

మురుగేష్‌కు చెప్పడం అంతకంటే కష్టమైంది. రైలు దిగి, కాళ్లు కూడా కడుక్కోకుండా వాడి మంచం పక్కన కూర్చుని ఒక్క గుక్కలో చెప్పేసింది. అతను పకపకా నవ్వాడు.

"నీ ఎంగిలి తిని పెరిగినోణ్ణి కదక్కా. ఇప్పుడు పనికి రాలేదా?"

"నోటికి పనికొస్తాదంట్రా. నెత్తురుకు పనికి రాదంట," అంటూనే ఆమె ఏడ్చేసింది. అతను అక్క వీపు మీద చేయి వేసి, "మళ్లా నెయ్యి. నా తోలుకేం కరువు?" అన్నాడు.

మళ్లీ చింతగింజంత చర్మం తీశారు. మళ్లీ గాజుపళ్లేలు. రెండో నెలలో భయపడినంతా అయింది. మెడ గొట్టంలోంచి క్రిములు ఎక్కి మురుగేష్‌కు చలిజ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు తిరుపతి ఆసుపత్రిలో ఉంచారు. చౌడేశ్వరమ్మ వరండాలో కూర్చుంది. ఆ తొమ్మిది రోజులూ ఆమె మనసులో ఒకటే మాట తిరిగింది: ఆ రోజు చెప్పకుండా ఉంటే ఈ పాటికి వాడి మెడలో గొట్టం ఉండేది కాదు. నిజాయితీపరులకు నిద్ర బాగా పడుతుందంటారు గాని, ఈమెకు పట్టలేదు. పెనిమిటి ధనశేఖర్ తెచ్చిన ఇడ్లీలు తెచ్చినట్టే పక్కన పెట్టేసేది. పదో రోజు జ్వరం దిగింది. మురుగేష్ సగానికి సగమయ్యాడు గాని బతికాడు.

ఇంటికి రాగానే ఆమె తన వేలితో యుద్ధం మొదలుపెట్టింది. మాస్కు కట్టుకుని గుంటమగ్గం ముందు కూర్చునేది. "ఏమక్కా, కరోనా మళ్లా వచ్చిందా?" అని వీధిలోవాళ్లు కిటికీలోంచి పలకరించేవాళ్లు. పక్కన గిన్నెలో నీళ్లు. పోగు తెగినప్పుడల్లా నీళ్లలో వేలు ముంచాలి. మొదటి వారం పదిసార్లలో ఎనిమిదిసార్లు వేలు మాస్కు కిందికే పోయింది. ఇలా కాదని వేపాకు నూరి చూపుడువేలికి పట్టించుకుంది. పాలు మాన్పించడానికి తల్లులు రాసుకునే వేపాకు. మురుగేష్‌కు వేలు చీకే అలవాటు మాన్పించడానికి చిన్నప్పుడు తానే రాసింది. ఇప్పుడు యాభై మూడేళ్ల మనిషి తన వేలికి తానే రాసుకుని, రోజుకు పదిసార్లు చేదు మింగి, ఉమ్మి, తిట్టుకుని, మళ్లీ నాడె పట్టింది. నలభై ఏళ్ల చేతి అలవాటును నెలన్నరలో మార్చుకోవడం ఎవరివల్ల అవుతుందో నాకు తెలియదు. మేమంతా ఒక టీ మానుకోలేక చస్తాం. ఆమెవల్ల అయింది.

రెండోసారి నేతకు కూర్చున్న రోజు శ్రీహిత కాగితాలేవీ ముందు పెట్టుకోలేదు. అద్దానికి ముఖం ఆనించి ఆమె చేతినే చూస్తూ నిలబడింది. అంగుళం, రెండు, ఐదు. ఏడో అంగుళం దగ్గర పోగు తెగింది. కుడిచేయి లేచింది. గాలిలో ఒక్క క్షణం ఆగింది. అద్దం అవతల శ్రీహిత ఊపిరి బిగబట్టింది. చేయి పక్కకు తిరిగి, గిన్నె దగ్గర వాలి, చుక్కల గొట్టం అందుకుంది. రెండు కొసలూ తడిశాయి. మెలిపెట్టింది. అతికింది.

"అమ్మణ్ణీ, ఊపిరి తీసుకో," అంది చౌడేశ్వరమ్మ, తల ఎత్తకుండానే.

జానెడు గొట్టం దిగింది. నీళ్లు పంపి చూశారు, కారలేదు. రెండు వారాలు పరీక్షలో పెట్టారు, ఏ క్రిమీ మొలవలేదు. డాక్టర్లు దాన్ని మురుగేష్ ఎడమచేతిలో పెట్టి కుట్టారు. పెట్టిన వెంటనే సూది గుచ్చకూడదు, నాళం ఒంటితో కలవాలి. ఆరు వారాలు ఆగారు. ఆ ఆరు వారాలూ మురుగేష్ కనిపించినవాళ్లందరికీ చేయి చూపించి, "చీర కాదప్పా, మా అక్క నేసింది నన్నే," అని గొప్పలు పోయాడు. ఒకసారి అక్కనే అడిగాడు, "ఏం రంగు అంచు పెట్టినావు?" అని. "అంచు లేకుండా నేసేదే నా పని కదరా," అందామె.

మొదటి సూది రోజు మేనెల ఎండల్లో పడింది. నర్సు లోకేశ్వరి ఎడమచేతి మీద మందు రాసి, రెండు సూదులు గుచ్చింది. ఎర్రటి నెత్తురు గొట్టాల్లో పరుగెత్తి మిషన్లోకి పోయి తిరిగొచ్చింది. అరగంట చూశారు, గంట చూశారు. ఎక్కడా కారలేదు. మెడలో గొట్టం వచ్చేవారం తీసేస్తామని డాక్టరు చెప్పి వెళ్లాడు. "సూదుల జోలికి పోకుండా, పైన మెల్లగా వేళ్లు పెట్టి చూడండమ్మా," అంది లోకేశ్వరి. చౌడేశ్వరమ్మ మోచేతి దగ్గర రెండు వేళ్లు ఆనించింది. చర్మం కింద నెత్తురు జుమ్మంటూ పోతోంది. వేళ్లు తీయబుద్ధి కాలేదు.

"కరెంటు మగ్గం మాదిరి లేదూ?" అన్నాడు మురుగేష్.

"నోరు ముయ్యిరా. నా మగ్గమే," అంది ఆమె.

కిడ్నీ రోగులకు మామిడిపండు విషంతో సమానం. చిత్తూరు జిల్లాలో పుట్టి, నాలుగు వేసవులుగా మామిడి ముక్క ఎరగని మనిషి మురుగేష్. మిషను నడుస్తున్నప్పుడు ఒక్కటంటే ఒక్క చిన్న ముక్క తినొచ్చని ఆ రోజు డాక్టరు ఒప్పుకున్నాడు. చౌడేశ్వరమ్మ డబ్బా మూత తీసి బంగినపల్లి ముక్క ఒకటి అతని నోటి దగ్గర పెట్టింది. అతను నోరు తెరవలేదు.

"సగం నీకు."

"నాకెందుకురా? తిను. ఉండేదే వేలెడు."

"సగం నువ్వు తింటేనే."

మొండితనం ఆ ఇంటి ఆస్తి. ఆమె ఒక్క క్షణం చూసింది. తాను నేసుకున్న చీర కొంగు లాగి, ముక్కమీద కప్పి, పంటితో సగానికి కొరికింది. పసుపచ్చని రసం కొంగుకు అంటింది.

"అయ్యో, ఎంగిలి చేసి పెడతారేందమ్మా ఆయనకి!" అంది లోకేశ్వరి, అటువైపు నుంచి వస్తూ.

"ఎంగిలి కాదు మేడమ్," అన్నాడు మురుగేష్. "కాకెంగిలి."

అని నోరు తెరిచాడు.